కడుపునొప్పికి తలకి పరీక్షేంటి?

ఈమధ్య ఒకావిడ అడిగారు. వాళ్ళ బాబుకి ఏడేళ్ళు, ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి బొడ్డు దగ్గర పట్టుకుని మెలికలు తిరిగిపోతాడట, మొహం పాలిపోతుంది, పిలిస్తే ఒక్కోసారి పలకడు, రెండు మూడు నిమిషాల్లో అదే తగ్గిపోతుంది, ఆ తర్వాత మాత్రం మొద్దునిద్ర. అల్ట్రాసౌండ్ నార్మల్, రక్తం నార్మల్, మలపరీక్ష నార్మల్, చివరికి ఎండోస్కోపీ కూడా నార్మలే, ఇప్పుడేమో డాక్టర్ గారు ఈఈజీ (తల మీద తీగలు పెట్టి మెదడులో కరెంటు చూసే పరీక్ష) తీయించమన్నారు, కడుపునొప్పికి తలకి పరీక్షేంటండీ, డబ్బులు గుంజడానికి కాకపోతే అని ఆవిడ కోపం. బిల్లుల సంగతి నేను చెప్పలేను గానీ, ఆ డాక్టర్ గారు ఏం అనుమానించి ఉంటారో చెప్పగలను. దాన్ని అబ్డామినల్ ఎపిలెప్సీ అంటారు, అంటే కడుపునొప్పి రూపంలో వచ్చే ఫిట్స్. చాలా అరుదు, కానీ ఉంది.

అసలు కడుపునొప్పి ఎక్కడుంటుంది? కడుపులో అనుకుంటాం. కడుపులో ఉండేవి నరాల కొసలు మాత్రమే, పేగు సాగినా వాచినా అవి కబురు పంపుతాయి, అది నొప్పిగా తెలిసేది మెదడులోనే. మనింట్లో కాలింగ్ బెల్ లాగే అన్నమాట, బటన్ గుమ్మం బయట ఉంటుంది, బెల్ ఇంట్లో ఉంటుంది. ఇప్పుడు లోపల గోడలో వైర్లు షార్ట్ అయ్యాయనుకోండి, బయట ఎవరూ నొక్కకపోయినా బెల్ మోగుతుంది, వినేవాళ్ళకి ఏ తేడా తెలీదు ఎందుకంటే మోగింది నిజం బెల్లే. తలుపు తీసి చూస్తే ఎవరూ ఉండరు. మళ్ళీ మోగుతుంది, మళ్ళీ తీస్తాం. కడుపుకి చేసే స్కాన్లూ ఎండోస్కోపీలూ ఇలా తలుపు తీసి చూడడమే. కాకపోతే బెల్ మోగినప్పుడు బయట ఎవరైనా ఉండొచ్చు కాబట్టి ముందు తలుపు తీసి చూడ్డమే కరెక్టు, మొదటిసారి కడుపునొప్పికే న్యూరాలజిస్ట్ దగ్గరకి పరిగెట్టక్కర్లేదు. ఇంకో మాట, బయట ఎవరూ లేరు కాబట్టి బెల్ మోగలేదు అనడం తప్పు. రిపోర్టులన్నీ నార్మల్ రాగానే "స్కూలు ఎగ్గొట్టడానికి నాటకాలు" అనేస్తారు చూడండి, అది ఆ తప్పే. వాడికి నొప్పి నిజంగానే వేస్తోంది.

మెదడులో ఆ బెల్ ఉండే చోటు ముఖ్యంగా ఇన్సులా. టెంపొరల్ లోబ్ (మెదడులో చెవి దగ్గరి భాగం), ఫ్రాంటల్ లోబ్ (నుదురు వెనక భాగం) కలిసే మడత లోపల దాక్కుని ఉంటుంది, ఆ రెండింటినీ విడదీస్తే గానీ కనపడదు. పేగుల నుంచి, గుండె నుంచి, మూత్రాశయం నుంచి వచ్చే కబుర్లు వెన్నుపాము ద్వారా, మెదడు నుంచి పొట్టదాకా దిగే వేగస్ నరం ద్వారా, మెదడు మధ్యలో కబుర్లు అందించే జంక్షన్ లాంటి థాలమస్ మీదుగా ఇక్కడికి చేరతాయి. వేగస్ నరంలో దాదాపు 80 శాతం తీగలు కింది నుంచి మెదడుకి కబురు మోసేవే, మెదడు నుంచి కిందికి ఆర్డర్లు తెచ్చేవి తక్కువ. మనకి బళ్ళో పంచేంద్రియాలు అని ఐదే చెప్పి ఊరుకుంటారు, ఒంటి లోపలి సంగతి తెలిసే ఈ ఇంద్రియం గురించి ఒక్క ముక్క చెప్పరు, అందుకే కడుపుకీ తలకీ సంబంధమేంటని పెద్దవాళ్ళకి కూడా డౌటొస్తుంది. న్యూరోసర్జన్ వైల్డర్ పెన్‌ఫీల్డ్ మెలకువగా ఉన్న పేషెంట్ల ఇన్సులాని ఆపరేషన్ టేబుల్ మీదే చిన్న కరెంటుతో తాకి చూశాడు, 1955లో ఫాక్ అనే ఇంకో డాక్టర్‌తో కలిసి ఆ వివరాలు రాశాడు. తాకింది మెదడుని, పేషెంట్లు చెప్పిందేమో కడుపులో తిప్పుతోందని, వికారంగా ఉందని!

పెన్‌ఫీల్డ్ బయటినుంచి ఇచ్చిన కరెంటు ఫిట్స్‌లో లోపలే పుడుతుంది. మామూలుగా ఒక న్యూరాన్ (మెదడులోని నరాల కణం) రెచ్చిపోతే చుట్టూ ఉన్న గాబా న్యూరాన్లు, అంటే బ్రేకుల్లాంటివి, దాన్ని అణుస్తాయి, ఆ అణచివేత ఒకచోట తగ్గితే సోడియం చానెళ్ళు (న్యూరాన్ గోడలో సోడియం లోపలికి వచ్చే తలుపులు) వరసపెట్టి తెరుచుకుని వేల న్యూరాన్లు ఒకే తాళంలో కొట్టుకోవడం మొదలెడతాయి. అది ఇన్సులాలోనో దాని పక్క టెంపొరల్ లోబ్ లోపలి భాగంలోనో మొదలైతే నొప్పి, వికారం, కడుపులోంచి గొంతుకి ఏదో పాకుతున్నట్టు ఉండడం. భయం పుట్టించే అమిగ్డలా మీదుగా, చెమట లాంటి వాటిని నడిపించే హైపోథాలమస్‌కి పాకితే మొహం పాలిపోతుంది, చెమట, వాంతి, ఒక్కోసారి ఊరికే భయం. ఇంకా పాకితే పిలిచినా పలకడు. మొత్తం మెదడుకి పాకితే అందరికీ తెలిసిన ఫిట్స్. అయిపోయాక కొంతసేపు ఆ భాగాలు సరిగ్గా పనిచెయ్యవు, ఆ మొద్దునిద్ర అందుకే. ఇదంతా తెలీక గాలి సోకిందనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, మూర్ఛ దేవుడి శాపం కాదు మెదడు జబ్బు అని హిప్పోక్రటీస్ పేరు మీదున్న గ్రంథంలో సుమారు 2400 ఏళ్ళ కిందటే రాసిపెట్టి ఉంది.

అలాగని పదే పదే వచ్చే ప్రతి కడుపునొప్పీ ఇదే అనుకోకండి. 1958లో ఆప్లీ, నేష్ అనే ఇద్దరు 1000 మంది బడిపిల్లల్ని చూస్తే పదిమందిలో ఒకరికి పైగా మళ్ళీ మళ్ళీ వచ్చే కడుపునొప్పి ఉంది, వాళ్ళలో ఎక్కువమందికి పెద్ద జబ్బేమీ దొరకలేదు. అబ్డామినల్ మైగ్రేన్ కూడా దీన్ని పోలినట్టే ఉంటుంది, కానీ అది గంటల తరబడి, 2 నుంచి 72 గంటల దాకా ఉంటుంది, ఫిట్స్ నొప్పి సాధారణంగా నిమిషాల్లో తేలిపోతుంది. చిన్నపిల్లల్లో పనయోటోపౌలస్ సిండ్రోమ్ అని ఇంకోటుంది, నిద్రలోంచి లేచి వాంతులు, కళ్ళు ఒక పక్కకి తిరిగిపోవడం, ఇది మాత్రం అరగంట దాటి కూడా ఉండొచ్చు, చూసేవాళ్ళకి హడలు పుడుతుంది గానీ చాలామందిలో ఒకట్రెండేళ్ళలో దానంతటదే పోతుంది.

ఇక ఈఈజీ. అది పుర్రె మీంచి వినడం, వచ్చే సిగ్నల్ వోల్టులో పది లక్షల వంతుల్లో ఉంటుంది, మెదడు పైపొరలో సుమారు పది చదరపు సెంటీమీటర్ల మేర న్యూరాన్లు ఒక్కసారి కొట్టుకుంటే గానీ బయటికి స్పష్టంగా కనపడదు. ఇన్సులా చూస్తే అంత లోపల! అందుకే ఒక అరగంట ఈఈజీ నార్మల్ వచ్చినంత మాత్రాన లేదని కాదు, నిద్ర తగ్గించి తీయించడమో నిద్రలో తీయించడమో, రాత్రంతా వీడియోతో కలిపి తీయించడమో చేస్తారు. దీనికి రివర్సు కూడా ఉంది, జన్మలో ఫిట్స్ రాని పిల్లల్లో కూడా నూటికి ఇద్దరు ముగ్గురికి ఈఈజీలో స్పైకులు (ఫిట్స్‌లో కనిపించే లాంటి మొనదేలిన గీతలు) కనిపిస్తాయి. కాబట్టి కడుపునొప్పి ప్లస్ ఈఈజీలో తేడా ఈజ్ ఈక్వల్ టు అబ్డామినల్ ఎపిలెప్సీ అని లెక్క కట్టేస్తే నాకు నచ్చదు. ఎమ్మారై కూడా తీస్తారు, అది మచ్చో గడ్డో ఉందేమో చూడ్డానికి.

ఇక్కడ ఏ మెషీన్ కన్నా ఎక్కువ పనికొచ్చేది ఇంట్లోవాళ్ళు చూసింది. నొప్పి వచ్చినప్పుడు ఫోన్‌లో వీడియో తియ్యండి, కడుపుని కాదు, మొహాన్ని, చేతుల్ని. వాడి పేరు పెట్టి పిలవండి, ఒక రంగు పేరు చెప్పి గుర్తుపెట్టుకోమనండి, తగ్గాక ఆ రంగేంటో అడగండి, గుర్తులేదంటే అది డాక్టర్‌కి బంగారం లాంటి సమాచారం. ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపు, నిద్రలోంచి లేచాడా, పెదాలు చప్పరించాడా, తర్వాత పడుకున్నాడా అన్నీ రాసుకుని పిల్లల న్యూరాలజిస్ట్ దగ్గరకి తీసుకెళ్ళండి. బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం పడుతున్నా, ఆకుపచ్చగా వాంతి అయినా, జ్వరం ఉన్నా మాత్రం అది గుమ్మం బయట ఎవరో ఉన్నట్టే, ముందు కడుపు డాక్టరే. ఒళ్ళంతా కొట్టుకునే ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచా గించా ఏదీ పెట్టొద్దు, 5 నిమిషాలు దాటితే ఎమర్జెన్సీకే.

మందు సంగతి చూస్తే కార్బమజెపైన్ లాంటి ఫిట్స్ మందులు అతిగా కొట్టుకుంటున్న న్యూరాన్ల సోడియం చానెళ్ళనే ఎక్కువగా మూస్తాయి, నిదానంగా పనిచేసేవాటి జోలికి పెద్దగా పోవు. అందుకే కడుపు మందులకి లొంగని నొప్పి ఫిట్స్ మందుకి ఆగిపోతుంది, ఆగిపోతే అది కూడా ఒక సాక్ష్యం కిందే తీసుకుంటారు. కానీ పిల్లల కడుపునొప్పి ఏ మందూ వెయ్యకపోయినా కొన్ని నెలలు మాయమవడం మామూలే, కాబట్టి మందుకి ముందు నెలకి ఎన్నిసార్లు వచ్చేదో రాసి ఉంటేనే మందు పనిచేసిందో లేదో తేలుతుంది. రెండు నెలలు నొప్పి రాలేదు కదా అని డాక్టర్‌ని అడక్కుండా టాబ్లెట్లు టక్కున మానేస్తే ఇదివరకు లేని పెద్ద ఫిట్స్ కూడా రావచ్చు, తగ్గించాలన్నా మెల్లమెల్లగా వారాల తరబడి తగ్గిస్తారు.