గూఢచారికి దక్కని పెన్షన్: హారియట్ టబ్‌మన్ జనరల్ హోదా వెనక కథ

2024 నవంబరులో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం, బానిసత్వం నుంచి తప్పించుకుని తర్వాత ఉత్తరాది సైన్యానికి గూఢచారిగా పనిచేసిన నల్లజాతి మహిళ హారియట్ టబ్‌మన్‌కు తన నేషనల్ గార్డ్ (రాష్ట్ర సైనిక దళం)లో బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చింది. ఆమె పోయింది 1913లో. ఇంత ఆలస్యం ఎందుకో తెలియాలంటే, బానిసత్వాన్ని నిలుపుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాలకీ ఉత్తరాది ప్రభుత్వానికీ మధ్య అంతర్యుద్ధం మొదలైన 1861కి వెళ్లాలి.

ఆ మే నెలలో వర్జీనియాలో ముగ్గురు బానిసలు రాత్రిపూట పడవెక్కి, ఉత్తరాది సైన్యం చేతిలో ఉన్న ఫోర్ట్ మన్రోకి పారిపోయారు. అప్పటిదాకా దక్షిణాది సైన్యం వాళ్లతో ఫిరంగుల కోసం మట్టిదిబ్బలు కట్టిస్తోంది. యజమాని తరఫు అధికారి వచ్చి అప్పగించమంటే, అక్కడి ఉత్తరాది సేనాధిపతి, వృత్తిరీత్యా లాయరైన జనరల్ బట్లర్ ససేమిరా అన్నాడు. వీళ్లు మీ ఆస్తి అంటున్నారుగా, శత్రువు యుద్ధ సామగ్రి కింద జప్తు చేస్తున్నా అన్నాడు. మనుషుల్ని సామగ్రి అనడం ఘోరమే. కానీ ఆ లాయర్ తెలివితో వేలమందికి దారి దొరికింది. అలా వచ్చినవాళ్లకు కందకాలెక్కడో, కాపలా ఎక్కడ పలచనో తెలుసు. తవ్వింది వాళ్లే మరి.

గోడలకు చెవులుంటాయని జాగ్రత్తపడే దొరలు, ఎదురుగా వడ్డిస్తున్న మనిషికీ చెవులుంటాయని మర్చిపోయారు. దక్షిణాది అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ గుర్రపుబండి తోలిన విలియం జాక్సన్ 1862లో పారిపోయి, తన ముందు మాట్లాడుకున్నవన్నీ ఉత్తరాది అధికారులకు చెప్పేశాడు. అదే ఏడాది మే 13 తెల్లవారుజామున దక్షిణాది రేవు చార్లెస్టన్ నుంచి, ఓడ నడిపే బానిస రాబర్ట్ స్మాల్స్ ఏకంగా దక్షిణాది సైన్యం ఓడనే తీసుకొచ్చాడు. తెల్ల అధికారులు ఒడ్డున నిద్రపోతుంటే, కెప్టెన్ టోపీ పెట్టుకుని, కోటల ముందు సరైన కూత వేస్తూ దాటేశాడు. ఓడతోపాటు సంకేతాల పుస్తకమూ ఉత్తరాది సైన్యం చేతికొచ్చింది.

టబ్‌మన్ సౌత్ కరోలినాలో నల్లజాతి వేగులను నడిపింది. కాంబహీ నదిలో మందుపాతరలు ఎక్కడున్నాయో ఆరా తీయించింది. 1863 జూన్ 2న కర్నల్ మాంట్‌గోమరీ పడవలు ఆ సమాచారంతోనే నదిలోకి వెళ్లి 700 మందికి పైగా బానిసలను విడిపించాయి.

మరి రికార్డులేవి? గూఢచారి పేరు ఎవరూ రాసిపెట్టరు. పైగా బానిసలకు చదువు చెప్పడం చాలా దక్షిణాది రాష్ట్రాల్లో నేరం. దక్షిణాది రాజధాని రిచ్‌మండ్‌లో ఉత్తరాది కోసం వేగుల బృందాన్ని నడిపిన తెల్లజాతి మహిళ ఎలిజబెత్ వాన్ లూ యుద్ధం తర్వాత ప్రభుత్వం నుంచి తన కాగితాలు వెనక్కి తీసుకుని నాశనం చేసింది. ప్రాణభయం అలాంటిది.

టబ్‌మన్ మాత్రం ఊరుకోలేదు. నర్సుగా, వంటమనిషిగా, వేగుల నాయకురాలిగా మూడేళ్ల పనికి 1800 డాలర్లు రావాలని అడిగింది. పెన్షన్‌గా మొదట వచ్చింది సైనికుడి వితంతువుగా నెలకు 8 డాలర్లు. 1899లో దాన్ని 20 చేశారు. వేగుల పనికంటూ విడిగా ఏమీ ఇవ్వలేదు.