పాపాయి గోడ మీద అఆఇఈలు

ప్రియమైన పిల్లలూ,

ఇంట్లోకి చెల్లో తమ్ముడో రాబోతుంటే మీ చేతులు ఊరుకోవు కదా! పాపాయి పడుకునే చోట గోడకు అక్షరాలు పెడతాం, బొమ్మలు వేస్తాం, ఎలా చేస్తే బాగుంటుందని అడిగారు. ఒకటో తరగతి పిల్లల చేత ఏళ్ళ తరబడి అక్షరాలు దిద్దించిన దాన్ని, నాకు ఇంతకంటే ఇష్టమైన సంగతి ఏముంటుంది? అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పాపాయికి అక్షరాలు గుర్తుపట్టే వయసు రావడానికి ఇంకా మూడు నాలుగేళ్ళు పడుతుంది. అందాకా ఆ గోడ మీకూ, అమ్మానాన్నలకూ, నాయనమ్మలకూ పనికిరావాలి. పాపను ఎత్తుకుని అక్కడ నిలబడగానే ఏదో ఒకటి చెప్పాలని మీకు అనిపించాలి. గోడ ఎంత అందంగా ఉందన్నది తర్వాతి మాట.

ఎందుకంటారా? ట అనడానికి నాలుకను మడిచి అంగిలికి తగిలిస్తాం, త అనడానికి పళ్ళకు ఆనిస్తాం. ఇంగ్లీషులో ఈ తేడా లేదు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళలోని పసిపిల్లలకు హిందీ ట, త శబ్దాలు వినిపించి చూశారు. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు తేడా పట్టేశారు. ఏడాది దగ్గరపడ్డ పిల్లల్లో ఎక్కువమంది పట్టలేకపోయారు. రోజూ చెవిన పడని శబ్దాన్ని చెవి వదిలేస్తుందన్నమాట. మరి మన ట, డ, ణ, ళ పాప చెవిలో నిలవాలంటే మొదటి ఏడాదిలోనే ఎవరో ఒకరు పలుకుతూ ఉండాలి. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఈ ఉత్తరం చదివే పిల్లలూ, మీకు ఇది మరీ ముఖ్యం. ఫోన్లో పాటలు పెట్టేస్తే సరిపోదా అనకండి. 2003లో అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల పిల్లలకు చైనా భాష వినిపించింది. ఎదురుగా కూర్చుని మనిషి మాట్లాడితే పిల్లలు ఆ శబ్దాలు నేర్చారు, అదే మనిషిని వీడియోలో చూపిస్తే నేర్వలేదు. కాబట్టి పాపకు కావాల్సింది మీ నోరే.

ఇక చోటు. మన ఇళ్ళలో పసిబిడ్డకు విడిగా గది ఉండడం తక్కువ, బిడ్డ అమ్మ పక్కనే పడుకుంటుంది. గది లేదని బెంగపడకండి, ఒక మూల చాలు. అమ్మ పాలిచ్చేటప్పుడు కూర్చునే చోటికి ఎదురు గోడో, పాపకు బట్టలు మార్చే చోటో చూసుకోండి. పుట్టిన కొత్తలో పాపకు ఇరవై, ముప్ఫై సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. అంటే ఒళ్ళో పడుకుంటే అమ్మ ముఖం ఉండేంత దూరం. రంగుల కంటే నలుపు తెలుపుల తేడాయే ముందు కంటికి ఆనుతుంది. అందుకని మొదటి నెలలకు తెల్లటి అట్ట మీద నల్లటి రంగుతో ఒక్కో అక్షరం పెద్దగా రాసి, పాపకు దగ్గరగా పట్టుకుని చూపించండి. నాలుగైదు నెలలకు రంగులు బాగా తెలుస్తాయి, అందాకా రంగురంగుల గోడకు తొందర లేదు. మన అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండడానికి తాటాకులే కారణమంటారు. పూర్వం తాటాకు మీద రాసే ఇనుప ములికి గంటం, దాంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుందట. రాసేటప్పుడు ఆ గుండ్రదనం చెడనివ్వకండి, తలకట్టు వేరేగా అతికించినట్టు కాకుండా అక్షరంలో కలిసిపోవాలి.

బొమ్మల దగ్గరే అందరూ తొందరపడతారు. క పక్కన కాకిని వేస్తారు. కాకిలో మొదట వినిపించేది కా. రేపు పాప పలక పట్టినప్పుడు ఈ గోడనే చూస్తుంది కాబట్టి కప్పను వేయండి. గ కి గంప, చ కి చక్రం, జ కి జడ, డ కి డప్పు, ద కి దండ, న కి నక్క, ప కి పలక, బ కి బంతి, మ కి మబ్బు, ల కి లడ్డు, వ కి వల. అచ్చులకు కష్టం లేదు, అమ్మ, ఆవు, ఇల్లు, ఈగ, ఉడుత, ఊయల అని తడుముకోకుండా వచ్చేస్తాయి. ణ, ళ లతో మాట మొదలుకాదు, వాటికి వీణ, తాళం వేసి ఆ అక్షరం ఒక్కటీ వేరే రంగులో రాయండి. ఝ కి ఇంట్లో వాడే మాటల్లో బొమ్మ దొరకడం కష్టం, ఙ, ఞ లకు అసలే దొరకదు. 56 అక్షరాలూ గోడెక్కాలన్న పట్టుదల వద్దు. బొమ్మ లేనివి పాప బడికెళ్ళాక నేర్చుకుంటుంది. వీలైనంతవరకు మీ ఇంట్లో ఉన్న వస్తువునే వేయండి. గోడ మీద గంప చూపించి, వెంటనే వంటింట్లో గంప దగ్గరికి ఎత్తుకెళ్ళవచ్చు.

ఇప్పుడు చెప్పేవి మాత్రం అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి. రంగు కొనేటప్పుడు డబ్బా మీద సీసం గురించి ఏం రాశారో చూడాలి. మన దేశంలో 2017 నవంబరు నుంచి ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు, మించకూడదు. సీసం పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంట్లో ఎప్పుడో మిగిలిపోయిన పాత డబ్బా ముట్టుకోకండి, పెచ్చులూడే పాత గోడను మీరు గీకకండి, ఆ దుమ్ము ప్రమాదం. రంగు పని పాప ఇంటికి రావడానికి రెండు మూడు వారాల ముందే ముగించి, కిటికీలు తెరిచి పెట్టండి.

ఊయల మీదుగా దారాలతో అక్షరాలు వేలాడదీస్తే చూడముచ్చటగా ఉంటుంది కానీ నాకు భయం. ఐదు నెలలు వచ్చేసరికి పాప చేతికందింది లాగుతుంది, దారం మెడకు పడవచ్చు. చేతికందే ఎత్తులో ఏదీ వద్దు, పాప తల మీద పడేలా బరువైన చెక్క అక్షరాలూ వద్దు. మూడేళ్ళలోపు పిల్లల ఆటబొమ్మలకు ఒక పరీక్ష ఉంది: 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న పొట్టి గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే ముక్క ఏదీ ఉండకూడదు, గొంతులో ఇరుక్కుంటుంది. గుండీలు, పూసలు, అద్దం బిళ్ళలు అతికించాలనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి.

అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు గోడకు రంగు వేయలేరు. అమ్మ పాత నూలు చీర అడిగి తీసుకోండి. అందులోంచి అక్షరాలు కత్తిరించి, ఒక దుప్పటి మీద కుట్టి, గోడకు కట్టండి. ఇల్లు మారితే మడిచి పట్టుకుపోవచ్చు, మాసితే ఉతకవచ్చు. కత్తెర, సూది దగ్గర పెద్దవాళ్ళను పక్కన ఉంచుకోండి.

ఒక పక్క ఖాళీ వదలడం మరిచిపోకండి. బారసాల అయ్యాక పాప పేరు అక్కడ రావాలి. పేరులో ఒత్తు ఉంటే కిందికి చోటు ఎక్కువ పడుతుంది, జానెడు ఎక్కువే వదలండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ