సెకండ్ హ్యాండ్‌లో ఆటోమేటిక్ కారు: గేర్‌బాక్స్ మీద అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్సులు విప్పి బిగించడమే నా పని. సెకండ్ హ్యాండ్ కారు కొనబోతున్నవాళ్లు రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, ఆటోమేటిక్ తీసుకోవచ్చా? గేర్‌బాక్స్ పోతే లక్షలవుతాయంటగా?"

తీసుకోవచ్చు. అడ్వాన్సు ఇచ్చేముందు చూడాల్సినవి చూసుకుంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. బాధేంటంటే, చాలామంది అవి వదిలేసి మీటరు రీడింగు, పాలిష్ మెరుపు, "సింగిల్ ఓనరండీ, డాక్టర్ గారి బండి" అన్న మాట పట్టుకుని డబ్బు కట్టేస్తున్నారు. ఏళ్ల తరబడి దాచుకున్న డబ్బు అది. అందుకే తెలిసినంతవరకు వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఆటోమేటిక్కులన్నీ ఒకటే

ఈ ఒక్క అపోహ పోతే సగం టెన్షన్ పోతుంది. మన రోడ్ల మీద ముఖ్యంగా నాలుగు రకాలున్నాయి. జబ్బులు వేరు, ఖర్చులు వేరు.

ఏఎంటీ అంటే లోపల మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మీ కాలూ చెయ్యీ చేసే పని యాక్చుయేటర్ అనే చిన్న యంత్రం చేస్తుంది. 2014లో సెలేరియోతో మన దేశంలో మొదలై చాలా చిన్న కార్లకి పాకింది. క్లచ్ ప్లేటు అరిగితే మాన్యువల్ కారుకి మార్చినట్టే మార్చి, స్కానర్‌తో క్లచ్ పాయింటు సెట్ చేస్తే సరిపోతుంది. యాక్చుయేటర్ పోతే మాత్రం బిల్లు పెరుగుతుంది.

టార్క్ కన్వర్టర్‌లో ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ప్లేటు రాపిడి ఉండదు, శక్తి ఆయిల్ ద్వారా అందుతుంది. నా అనుభవంలో అన్నిటికంటే మొండిది ఇదే. ఇన్నోవా క్రిస్టాలో ఉన్నది ఈ రకమే. సీవీటీలో గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య స్టీల్ బెల్టు తిరుగుతుంది. నున్నగా పోతుంది, కానీ ఆయిల్ విషయంలో ఏ నిర్లక్ష్యమూ సహించదు. దానికి చెప్పిన ఆయిల్ కాకుండా "ఏదో ఒక గేర్ ఆయిల్" పోస్తే బెల్టు జారి పుల్లీల మీద గీతలు పడతాయి, ఇక అది బాగుపడదు. నాలుగోది డీసీటీ, అంటే డ్యూయల్ క్లచ్. దీన్నే ఫోక్స్‌వ్యాగన్ డీఎస్జీ అంటుంది, ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ అంటుంది. ఇందులో రెండు క్లచ్‌లుంటాయి, ఒకటి బేసి గేర్లకి, ఇంకొకటి సరి గేర్లకి.

కారు పేరు చూసి ఇది ఫలానా గేర్‌బాక్స్ అనుకోవద్దు. 2008-2013 మోడల్ హోండా సిటీలో ఉన్నది టార్క్ కన్వర్టర్, 2014 మోడల్ నుంచి సీవీటీ. బలేనో 2015లో సీవీటీతో వచ్చింది, 2022 మోడల్ నుంచి ఏఎంటీ. ఎకోస్పోర్ట్ 2013లో డీసీటీ, 2017 చివర్లో వచ్చిన ఫేస్‌లిఫ్ట్‌లో టార్క్ కన్వర్టర్. పోలో కూడా అంతే: జీటీ టీఎస్ఐలో డీఎస్జీ, 2020లో వచ్చిన 1.0 టీఎస్ఐలో టార్క్ కన్వర్టర్. కాబట్టి నాకు ఫోన్ చేసేటప్పుడు కారు పేరొక్కటే చెప్తే నేనేమీ చెప్పలేను. పేరు, సంవత్సరం, పెట్రోలా డీజిలా అన్నది కూడా చెప్పాలి.

అపోహ: డీసీటీ, డీఎస్జీ ఉన్న కారు ముట్టుకోకూడదు

ఈ భయం ఊరికే పుట్టలేదు. 2013లో ఫోక్స్‌వ్యాగన్ చైనాలో డీఎస్జీ సమస్య మీద 3.84 లక్షల కార్లు వెనక్కి పిలిచింది. అదే ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 16 లక్షల కార్లలో ఏడు గేర్ల డీఎస్జీకి సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోసింది. అమెరికాలో ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ గేర్‌బాక్స్ మీద కోర్టు కేసు నడిచి సెటిల్‌మెంట్ దాకా వెళ్లింది. అక్కడ చదువుకోడానికి వెళ్లిన మన పిల్లలు మొదటి కారుగా చవకలో వచ్చిందని 2012-2016 ఫోకస్‌నో, 2011-2016 ఫియెస్టానో చూస్తుంటారు. ఆ రెండూ ఆటోమేటిక్ అయితే ఆ కేసులో ఉన్నవే. వేరేది చూసుకోమని చెప్తాను.

ఇక్కడ మన దగ్గర సమస్య ఎక్కువగా డ్రై క్లచ్ డీసీటీలతో. ఆ క్లచ్‌లని చల్లబరచడానికి ఆయిల్ ఉండదు, గాలే దిక్కు. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి పొద్దున పూట అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్‌లో అవి సగం పట్టీ పట్టకుండా జారుతూనే ఉంటాయి. అక్కడే వేడి, అక్కడే అరుగుదల. అదే కారు హైవే మీద ఎక్కువగా తిరిగి ఉంటే క్లచ్‌లు ఆరోగ్యంగా ఉంటాయి. అందుకే డీసీటీ కారు కొనేటప్పుడు నేను అడిగించే మొదటి ప్రశ్న కిలోమీటర్లు కాదు, "ఓనరు రోజూ ఆఫీసుకి ఏ దారిలో వెళ్లేవారు?"

ఏడు గేర్ల డ్రై డీఎస్జీలో మెకట్రానిక్ అనే యూనిట్ అసలు బుర్ర. ఆయిల్ ప్రెషర్, సెన్సర్లు, కంట్రోలు అన్నీ అందులోనే. రివర్స్, సరి గేర్లు రెండూ ఒకే క్లచ్ వైపు ఉంటాయి కాబట్టి, ఆ వైపు దెబ్బతింటే రివర్స్ పడదు, రెండు, నాలుగు, ఆరు కూడా పోతాయి. మీటర్లో గేర్ అక్షరాలు మిణుకుమిణుకుమంటాయి. యూనిట్ మార్చాల్సి వస్తే ఖర్చు లక్ష దాటుతుంది. అది మార్చిన బిల్లు ఉంటే బేరానికి భయపడక్కర్లేదు, అది ప్లస్ పాయింటే. మార్చని బండి అయితే ఆ ఖర్చు మనసులో పెట్టుకుని రేటు మాట్లాడండి. నడుపుతున్నప్పుడు ముందు కారుకి ఆనుకుని పాకించకుండా కాస్త గ్యాప్ వచ్చాక ఒకేసారి కదిలితే క్లచ్‌కి చాలా మేలు.

అపోహ: ముప్పై వేలే తిరిగింది, కొత్త బండి కిందే లెక్క

మీటరు తిప్పడం ఈ మార్కెట్లో కొత్త విషయం కాదు. షోరూమ్ సర్వీస్ హిస్టరీ తీయించండి, ప్రతి ఎంట్రీ పక్కన కిలోమీటర్లు ఉంటాయి. కొన్ని కంపెనీల కార్లలో ఫాల్ట్ కోడ్ (లోపం వస్తే కారు కంప్యూటర్ రాసుకునే నంబరు) పడినప్పుడు అప్పటి కిలోమీటర్లు కూడా రికార్డవుతాయి. మీటర్లో 42 వేలున్న కారులో 78 వేల దగ్గర పడిన కోడ్ కనిపిస్తే ఇంకేం అడగాలి?

ఇక నిజంగానే ముప్పై వేలు తిరిగినా, అవి ఏడేళ్లలో సిటీలో తిరిగినవైతే గేర్‌బాక్స్ పనిచేసిన గంటలు ఎక్కువే.

అపోహ: గేర్ ఆయిల్ లైఫ్ టైమ్, మార్చక్కర్లేదు. పాతది కదిలిస్తే బాక్స్ పోతుంది

రెండు అపోహలు కలిసి తిరుగుతుంటాయి. కంపెనీ లైఫ్ టైమ్ అన్నా మన ఎండలు, మన ట్రాఫిక్ ఆ లెక్కలో ఉండవు. టార్క్ కన్వర్టర్‌కి 50-60 వేల దగ్గర, సీవీటీకి ఇంకా ముందే 40 వేల దగ్గర మార్పించడం నా పద్ధతి. వేడికి ఆయిల్ పాడవుతుంది, క్లచ్‌ల పొడి అందులో కలుస్తుంది. ఆ పొడి వాల్వ్ బాడీలో (గేర్‌బాక్స్ లోపల ఆయిల్‌ని పంచే భాగం) సన్నటి దారుల్ని అడ్డుకుంటుంది.

రెండోదాంట్లో కొంచెం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతారు. లక్షన్నర తిరిగి, ఇప్పటికే జారుతున్న గేర్‌బాక్సుకి మెషిన్ పెట్టి ప్రెషర్‌తో ఫ్లష్ చేస్తే, అడుగున పేరుకున్న మడ్డి లేచి ఎక్కడో ఇరుక్కోవచ్చు. ఆ బాక్స్ పోయింది కొత్త ఆయిల్ వల్ల కాదు, అప్పటికే క్లచ్‌లు అయిపోవడం వల్ల. ఆరోగ్యంగా ఉన్న పాత బాక్స్‌కి ఫ్లష్ చేయకుండా డ్రెయిన్ చేసి, ఎంత దిగిందో కొలిచి అంతే కొత్తది పోసి, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి మార్చడం మంచి దారి.

కొనేముందు ఓనరు ఒప్పుకుంటే డ్రెయిన్ బోల్టు దగ్గర కొద్దిగా ఆయిల్ పట్టి తెల్ల టిష్యూ మీద వేసి చూడండి. ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, చాలావాటిలో కొత్తప్పుడు చెర్రీ ఎరుపు. కాస్త గోధుమ రంగుకి తిరిగి, టిష్యూ మీద సమంగా పాకితే అది వాడిన ఆయిల్, అంతే. నల్లగా ఉండి, మధ్యలో ముదురు మచ్చ మిగిలి, మాడిన వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలాయి. పాన్ (బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) విప్పగలిగితే అందులోని మాగ్నెట్ మీద చూడండి. బూడిద రంగు పేస్టులా మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే మెరిసే రేకులుంటే ఆ కారు వదిలేయండి, ఎంత తగ్గించినా సరే. చాలా కొత్త కార్లకి డిప్ స్టిక్ ఉండదు, నిర్ణీత వేడి దగ్గర లెవెల్ చూడాలి. కాబట్టి ఇది తెలిసిన మెకానిక్ చేతే చేయించండి.

అపోహ: టెస్ట్ డ్రైవ్ చేశాం, వెన్నలా ఉంది

ఎప్పుడు చేశారన్నదే ముఖ్యం. మీరు వెళ్లేసరికి బండి వేడెక్కి సిద్ధంగా ఉంటే సగం విషయాలు బయటపడవు. ముందు రోజే చెప్పండి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకని అడగండి, లేదా ఇంకో రోజు వస్తామని చెప్పండి.

చల్లటి బండిని స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి పీ నుంచి ఆర్‌కి వేయండి. టార్క్ కన్వర్టర్ అయితే దాదాపు సెకనులో గేరు పట్టాలి. రెండు మూడు సెకన్లు ఆలోచించి పట్టినా, ఢమ్మని కొట్టినా లోపల ప్రెషర్ సమస్య ఉండొచ్చు. తర్వాత డీలో మెల్లగా వెళ్తూ ఆర్పీఎం ముల్లు మీద కన్నుంచండి. ముల్లు లేస్తోంది కానీ స్పీడు పెరగడం లేదంటే జారుతోందని అర్థం. సీవీటీలో గట్టిగా తొక్కినప్పుడు ఇంజను ముందు అరిచి బండి వెనక రావడం దాని స్వభావమే. నెమ్మదిగా కదిలేటప్పుడు వణుకు వస్తే మాత్రం అది స్వభావం కాదు.

ఆ తర్వాత ఇరవై, ముప్పై నిమిషాలు ట్రాఫిక్‌లో తిప్పి బాగా వేడెక్కనిచ్చి అదంతా మళ్లీ చేయండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక కొట్టే బాక్సులు బోలెడు. దగ్గర్లో ఏదైనా అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు ఉంటే ఆపి, మళ్లీ కదిలించి, రివర్స్‌లో ఎక్కించండి. ఏఎంటీ క్లచ్ అరిగిందో లేదో ర్యాంపు మీద వాసనే చెప్తుంది.

ఏజెంటు ఫోనుకి కనెక్టయ్యే చిన్న స్కానర్ పెట్టి "కోడ్లేం లేవు సార్" అంటే నమ్మకండి. అలాంటివి చాలావరకు ఇంజన్ కోడ్లే చదువుతాయి. గేర్‌బాక్స్ కంప్యూటర్ని విడిగా చదివే స్కానర్ కావాలి. పైగా కోడ్లు నిన్న రాత్రే చెరిపేసి ఉండొచ్చు. రెడీనెస్ టెస్టులు (కోడ్లు చెరిపాక కారు తనంతట తాను మళ్లీ చేసుకునే పరీక్షలు) పూర్తి కాలేదని చూపిస్తే, ఎందుకు చెరిపారో, బ్యాటరీ ఎందుకు తీశారో అడగండి.

అపోహ: ఏఎంటీ కుదుపు అంటే గేర్‌బాక్స్ పోయినట్టే

కాదు. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి మారేటప్పుడు తల చిన్నగా ఊగడం దాని పద్ధతి. న్యూట్రల్‌లోకి తనంతట తానే పడిపోవడం, ఒకే గేరులో ఆగిపోవడం, కదలడానికి ముందు క్లచ్ కాలిన వాసన, ఇవి జబ్బులు.

అపోహ: వరదలో తడిసినా సీట్లు మార్చి డ్రై క్లీనింగ్ చేస్తే చాలు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి, వాటి ముందున్న కార్లూ ఉన్నాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2015, 2023 డిసెంబర్లలో చెన్నైలోనూ అంతే. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ రాసేసిన బండ్లు కూడా రిపేరై వేరే ఊళ్లో అమ్మకానికొస్తాయి.

ఇంజన్లోకి నీళ్లెళ్లాయా అని అందరూ చూస్తారు. గేర్‌బాక్సుని ఎవరూ చూడరు. బాక్సు పైన బ్రీదర్ అని చిన్న గొట్టం ఉంటుంది. నీళ్లు అంత ఎత్తు వస్తే అందులోంచి లోపలికి దిగుతాయి. వేడి బాక్స్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని ఇంకా గట్టిగా లాక్కుంటుంది. క్లచ్ ప్లేట్ల మీది ఫ్రిక్షన్ పొర జిగురుతో అంటించింది. నీళ్లకి ఆ జిగురు వదులవుతుంది. కారు అప్పుడే ఆగిపోదు. కొన్ని నెలలు తిరుగుతుంది, ఈలోగా చేతులు మారుతుంది, కొత్త ఓనరు దగ్గర పొరలు ఊడిపోతాయి. అలాంటి బాక్స్ పాన్ విప్పితే ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ రోజ్‌మిల్క్‌లా చిక్కగా కారుతుంది. రేడియేటర్‌లోని ఆయిల్ కూలర్ పగిలి కూలెంట్ కలిసినా ఇదే రంగు.

సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద గీత ఉంటే దొరికిపోతుంది. కార్పెట్ కింద, సీటు పట్టాల బోల్టుల మీద తుప్పు చూడండి. రిజిస్ట్రేషన్ ఏ జిల్లాదో, ఆ వరదల తేదీ తర్వాత సర్వీస్ హిస్టరీలో పెద్ద ఖాళీ ఉందో చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ హిస్టరీ అడగండి. ఆటోమేటిక్ అయితే ఆయిల్ చూడకుండా మాత్రం రావద్దు.

అపోహ: వారంటీ ఇస్తున్నారు, ఇంకేం భయం

వారంటీ కాగితం అడగండి, మాట కాదు. అందులో గేర్‌బాక్స్ అన్న పదం ఉందా, ఉంటే క్లచ్, వాల్వ్ బాడీ, మెకట్రానిక్, యాక్చుయేటర్ కవరవుతాయా లేక "అరుగుదల భాగాలు" కింద తీసేశారా, ఒక్కో లైను చదవండి. కంపెనీ ఎక్స్‌టెండెడ్ వారంటీ మిగిలుంటే అది మీ పేరుకి మారుతుందా, మార్చడానికి గడువెంత, ఫీజెంత అన్నది ఆ కంపెనీ షోరూమ్‌లోనే కనుక్కోండి. కొన్నిచోట్ల ఒక్క సర్వీసు బయట చేయించినా వారంటీ చెల్లదు కాబట్టి బిల్లులన్నీ తీసుకోండి. అమ్మేవాళ్లు "అన్నీ కవర్ అవుతాయండీ" అంటే, ఆ ముక్కే సేల్ అగ్రిమెంటులో రాసి సంతకం పెట్టమనండి. తర్వాతే అడ్వాన్సు.