ముందు మీ క్లిప్ ఒకటి పంపండి

పెదవాల్తేరు, విశాఖపట్నం.

చిట్టితల్లీ, చిన్నోడా,

వీడియో ఎడిటింగ్ కోసం కొనబోయే కంప్యూటర్‌కి మీరిద్దరూ కూర్చుని రాసి పంపిన లిస్టు చూశాను. ఉన్న 60 వేలలో సగానికి పైగా గ్రాఫిక్స్ కార్డుకే పోసేశారు. మిగిలినదాంట్లో 8 జీబీ ర్యామ్, పేరూ ఊరూ లేని ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా), రంగురంగుల లైట్లు తిరిగే గాజు కేబినెట్. పైన పటారం లోన లొటారం! కోప్పడటం లేదర్రా. నేను మొదటి మెషీన్ కొన్నప్పుడు నాకు నలభై దాటాయి, నేనూ ఇంతకన్నా తెలివిగా ఏమీ కొనలేదు.

మీ లిస్టు ఆటలాడే కంప్యూటర్‌కి సరిపోతుంది. మీరు చేయబోయేది వేరే పని. భీమిలి బీచ్‌లో, ఫిషింగ్ హార్బర్‌లో ఫోన్‌తో తీసిన వీడియోలు కత్తిరించి అతకాలి. ఆ పనిలో మెషీన్ ఎక్కడ ఇరుక్కుంటుందో ముందు తెలిస్తే, డబ్బు ఎక్కడ పెట్టాలో అదే తెలుస్తుంది.

నేను పెళ్ళి వీడియోలు చేసే రోజుల్లో మినీ డీవీ టేపులుండేవి. గంట టేపు కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి సరిగ్గా గంట పట్టేది, దాదాపు 13 జీబీ తినేది. 80 జీబీ డిస్కులో ఆరు టేపులు పడితే గొప్ప. కానీ ఆ టేపులో ఒక సుఖముంది. ప్రతి ఫ్రేమూ విడిగా ఒక పూర్తి బొమ్మ. ఎక్కడ కోసినా కంప్యూటర్ కిక్కురుమనేది కాదు.

మీ ఫోన్ అలా దాచదు. హెచ్.264, హెచ్.265 అని మీరు వినే పద్ధతుల్లో అప్పుడొకటి అప్పుడొకటి పూర్తి బొమ్మ ఉంటుంది, మధ్యలోవన్నీ ‘ముందు దానికీ దీనికీ ఏం మారింది’ అన్న లెక్కలే. మీ నాయనమ్మ గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తుంది చూడండి, అలాగన్నమాట. ఒకటో తేదీన పాత బాకీ మొత్తం ఉంటుంది. తర్వాత రోజూ ఓ లీటరు, అర లీటరు, ‘రాలేదు’. ఇరవయ్యో తేదీకి ఎంతయిందని అడిగితే ఒకటి నుంచీ కూడుకుంటూ రావాలి కదా! టైమ్‌లైన్ మీద, అంటే క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ మీద, మీరు మౌస్‌ని వెనక్కీ ముందుకీ లాగినప్పుడల్లా కంప్యూటర్ చేసేది ఆ కూడికే. అందుకే సినిమా హాయిగా ఆడే మెషీన్ కూడా ఎడిటింగ్‌లో స్ట్రక్ అయిపోతుంది.

ఆ కూడిక కోసమే చాలా చిప్పుల్లో ఒక ప్రత్యేకమైన భాగం ఉంటుంది. ఇంటెల్ వాళ్ళు దాన్ని క్విక్ సింక్ అంటారు, 2011 నుంచీ ఇస్తున్నారు. అది ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌లో ఉంటుంది. మీ లిస్టులో ఐ5 12400ఎఫ్ అనే ప్రాసెసర్ ఉంది. ఆ చివరి ఎఫ్ ఉందే, అది లోపలి గ్రాఫిక్స్ పనిచేయదని చెప్పే గుర్తు. దాంతో పాటు క్విక్ సింక్ కూడా పోతుంది. కొద్దిపాటి తేడా కోసం మీకు కావలసిన వస్తువునే వదిలేసుకుంటున్నారు. ఎఫ్ లేని 12400 తీసుకోండి. అవే 6 కోర్లు, 12 థ్రెడ్లు. ఏఎండీలో కావాలంటే 5600జీ ఉంది, దానికీ లోపల గ్రాఫిక్స్ ఉంది.

చిట్టీ, నీ ఫ్రెండు కెమెరా అడిగి తెస్తానన్నావు. అందులో హెచ్.265లో 10 బిట్, 4:2:2 అని, అంటే రంగుల వివరం ఎక్కువగా దాచే రకంలో, రికార్డు చేస్తే మాత్రం ఇంకో చిక్కు. ఎన్విడియా కార్డుల్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చేదాకా ఆ రకాన్ని విప్పే భాగం లేనే లేదు. ఇంటెల్‌లో అయితే డెస్క్‌టాప్ చిప్పుల్లో 11వ తరం నుంచే ఉంది (12400 అంటే 12వ తరం). బోలెడు డబ్బు పోసి కార్డు కొన్నాక కూడా టైమ్‌లైన్ ఎందుకు కదలట్లేదని తల పట్టుకునేవాళ్ళలో చాలామంది కథ ఇదే. మీరు వాడే సాఫ్ట్‌వేర్ కూడా ఆ భాగాన్ని వాడుకోవాలి. కొన్ని ఉచిత వెర్షన్లలో దానికి పరిమితులుంటాయి, కొనే ముందే చూసుకోండి. విండోస్ ఖర్చు మిగులుతుందని లైనక్స్ వేస్తే డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ మీ ఫోన్ ఎంపీ4 ఫైళ్ళు తెరవదు. అక్కడ కేడెన్‌లైవ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నయం.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే వద్దు. బోర్డు మీద దాని స్లాటు ఎక్కడికీ పోదు. రిజాల్వ్‌లో రంగులు దిద్దడం, నాయిస్ తీయడం మొదలుపెట్టాక అది లేని లోటు తెలుస్తుంది, అప్పుడు కొందాం. ఆ రోజున కార్డు మోడల్ నంబర్ కన్నా దాని మీద ఎంత మెమరీ ఉందో చూడండి. 4కే పనికి 8 జీబీ లోపు వద్దు.

ఆ మిగిలిన డబ్బుతో ర్యామ్ పెంచండి. 16 జీబీ కనీసం, అవీ 8 చొప్పున రెండు స్టిక్కులు. ఒక్కటే పెద్దది పెడితే ప్రాసెసర్‌కి దారి సగమే తెరిచినట్టు, పైగా లోపలి గ్రాఫిక్స్ వాడుకునేదీ ఆ ర్యామునే. నాలుగు స్లాట్లున్న బోర్డు అయితే తర్వాత 32 చేసుకోవచ్చు. 12400కి డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దూరదు, గాడి వేరే చోట ఉంటుంది. బిల్లు వేయించే ముందే బోర్డు డబ్బా, ర్యామ్ డబ్బా రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

డిస్కు సంగతి చిన్నోడు అడిగాడు. లెక్క వేద్దాం. సెకనుకి 100 మెగాబిట్ల వీడియో అంటే 12.5 మెగాబైట్లు. నిమిషానికి 750, గంటకి 45 జీబీ. మామూలు హార్డ్ డిస్కు వరసగా చదివితే సెకనుకి 150 మెగాబైట్లు ఇస్తుంది కదా, చాలదా అంటే, ఒక్క క్లిప్‌కి చాలు. కానీ ఎడిటింగ్‌లో నాలుగు క్లిప్పులు, వాటి చిన్న బొమ్మలు, సౌండ్ గీతలు, క్యాష్ ఫైళ్ళు ఒకేసారి కావాలి. డిస్కు ముల్లు అటూ ఇటూ గెంతుతూనే ఉంటుంది. అందుకని పని నడిచే వీడియోలకి, ముల్లు లేకుండా చిప్పుల్లోనే దాచే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, పని అయిపోయినవి దాచడానికి హార్డ్ డిస్కు. దాచినదానికి ఇంకో కాపీ వేరే ఇంట్లో ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రోజు మా కిటికీ అద్దాలు పగిలి వాన నేరుగా బల్ల మీద కొట్టింది. రెండు డిస్కులూ ఆ బల్ల మీదే ఉన్నాయి. రెండు కాపీలు చేశానని అంతకుముందు దాకా ధీమాగా ఉన్నాను.

ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం బేరాలొద్దు. కేబినెట్‌తో ఉచితంగా వచ్చేదాన్ని నమ్మి ఒక వేసవిలో కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చేసరికి బోర్డుతో సహా కాల్చుకున్నాను, మర్నాడు ఒక పెళ్ళి క్యాసెట్ ఇవ్వాల్సి ఉండగా. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ గుర్తున్నది, మంచి కంపెనీది, 550 వాట్లది తీసుకోండి. తర్వాత మధ్యరకం కార్డు పెట్టినా సరిపోతుంది. యూపీఎస్ కూడా కావాలి. 600 వీఏ అని రాసి ఉంటే 600 వాట్లనుకోకండి, మామూలుగా 360 దాకానే. ఫైల్ సేవ్ చేసి ఆపుకోవడానికి అది చాలు. అంతకన్నా ముందు మీ గదిలో ప్లగ్గుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. కేబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటే అది లేనట్టే.

మన ఊరికి ఇంకోటుంది, ఉప్పుగాలి. సముద్రం వైపు కిటికీ కింద కంప్యూటర్ పెట్టకండి. గాజు కేబినెట్ బదులు ముందు జాలీ, దుమ్ము ఫిల్టరు ఉన్నది తీసుకోండి. ఒకరోజు ఆన్ చేస్తే తెర నల్లగా ఉండి బీప్ బీప్ అంటుంది. భయపడకండి. ప్లగ్గు పీకి, ర్యామ్ తీసి, దాని బంగారు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్ళీ పెట్టండి. వాల్తేరులో నేను బాగుచేసిన మెషీన్లలో సగం ఈ రబ్బరు వైద్యంతోనే లేచాయి.

మానిటర్ గురించి ఎక్కువ చెప్పను. పక్క నుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ ప్యానెల్, ఎస్ఆర్‌జీబీ అనే మామూలు రంగుల శ్రేణిని దాదాపు పూర్తిగా చూపించేది, అంతే.

బిగించేటప్పుడు నేను పక్కనుంటాను. ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటే అది ఒలిచాకే పెట్టాలి. నేను ఒలవలేదు. మెషీన్ పది నిమిషాలకోసారి ఆగిపోతుంటే రెండు రోజులు విండోస్‌ని తిట్టాను. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య పూసే పేస్టు కందిగింజంత చాలు.

ఇంకొకటి. ఫోన్ వీడియోలో కొన్నిసార్లు పోనుపోనూ పెదాలకీ మాటకీ పొంతన తప్పుతుంది. అది కంప్యూటర్ నీరసం కాదు. ఫోన్ సెకనుకి ఇన్ని ఫ్రేములని నిలకడగా తీయదు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చుకుంటే సర్దుకుంటుంది. 4కే మరీ మొరాయిస్తే ప్రాక్సీలు చేసుకోండి. అంటే చిన్న సైజు కాపీల మీద పని చేసి, చివర్లో అసలు వాటితో రెండర్ కొట్టడం, అంటే పూర్తి వీడియో తయారుచేయడం. 60 వేల మెషీన్ మీద అలా పని చేయడం నామోషీ ఏమీ కాదు.

ద్వారకానగర్ షాపులకి ఈ ఆదివారం వద్దు, వచ్చే వారం వెళ్దాం. ఈలోగా మీ ఫోన్‌లో తీసిందీ, ఆ కెమెరాలో తీసిందీ చెరో నిమిషం క్లిప్ పంపండి. వాట్సాప్‌లో వీడియోలా పంపితే అది కుదించి పాడుచేస్తుంది, డాక్యుమెంట్ అని పెట్టి పంపండి. ఫైలు ఏ రకమో చెప్పే మీడియాఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూసి, ఏ చిప్పో అప్పుడు ఖాయం చేద్దాం.

మీ తాతయ్య