మిద్దెతోటకు బొగ్గుపొడి: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మా మిద్దెతోట కుండీలకు కావాల్సిన బొగ్గుపొడి నేనే చేసుకుంటాను. వీధి చివర వడ్రంగి పారేసే వేప, మామిడి ముక్కలే సరుకు. ఇరుగుపొరుగు నాతో అనేవి, ఒకప్పుడు నేనూ నమ్మినవి ఇవి.

కట్టెలు బాగా మండితే బొగ్గు వస్తుంది.
బాగా మండితే మిగిలేది బూడిద. బొగ్గు కావాలంటే చెక్కకు వేడి తగలాలి, గాలి తగలకూడదు. మూత బిగుతుగా పట్టే రేకు డబ్బాలో ఎండిన ముక్కలు నింపి, మూతకు మేకుతో చిల్లు కొట్టి, ఆరుబయట మంటలో పెడతాను. చిల్లు లేకపోతే డబ్బా పేలుతుంది. మొదట తెల్లటి పొగ వస్తుంది, అది చాలావరకు తేమే. తర్వాత పొగ పసుపెక్కి ఘాటుగా మారుతుంది. దానికి మంట అంటుకుంటే చిల్లు మీద గ్యాస్ పొయ్యిలా చిన్న నాలుక నిలబడుతుంది. ఆ నాలుక దానంతటదే ఆరిపోయిందంటే లోపల పని అయినట్టే. డబ్బాను పక్కకు తీసి, చిల్లుకు తడిమట్టి మెత్తి, తెల్లారేదాకా ముట్టుకోను. పది కిలోల చెక్కకు రెండు, మూడు కిలోలు వస్తే గొప్ప.

మంట ఆరింది కదా, మూత తీయొచ్చు.
మొదటిసారి నేనూ ఆత్రపడ్డాను. గాలి తగలగానే నల్లటి ముక్కల అంచులు ఎర్రగా రాజుకున్నాయి. నీళ్లు పోసి ఆర్పేసరికి మిగిలింది డబ్బాడు తడి మసి. కొత్తగా దంచిన పొడిని కూడా వెంటనే గోనెసంచికెత్తకండి, అది తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. ఒకరోజు రేకు డబ్బాలోనే బయట ఉంచండి.

ఏ చెక్కయినా ఒకటే.
జిగురు పట్టిన ప్లైవుడ్ వద్దు, రంగు వేసిన పాత తలుపులు అసలే వద్దు. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అది కాలిపోదు, బొగ్గులో మిగిలి మీ పాలకూర కుండీకే చేరుతుంది. ఇక ఎర్రచందనం సంగతి శేషాచలం పక్కన ఉన్నవాళ్లకు నేను చెప్పాలా!

విషం మింగినవాళ్లకు ఆసుపత్రిలో ఇచ్చే యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇదే.
కాదు. దాన్ని ఎంతో ఎక్కువ వేడి మీద ఆవిరితోనో, లేదా రసాయనాలతోనో ప్రత్యేకంగా తయారుచేస్తారు. ఇంటిపొడి మింగకండి. "మా అవ్వ బొగ్గుతోనే పళ్లు తోముకుంది" అంటారు. గరుకు పొడికి ఎనామిల్ అరుగుతుంది, అరిగింది మళ్లీ రాదు.

బొగ్గుపొడి మంచి ఎరువు.
అందులో మొక్కకు తిండి తక్కువ, ఉన్న తిండిని మట్టిలో పట్టి ఉంచడమే దాని పని. పచ్చిపొడి వేస్తే మట్టిలోని నత్రజనిని కొన్నాళ్లు తానే పట్టి ఉంచుకుంటుంది. అలా వేసిన ఏడాది మా టమాటా ఆకులు పసుపెక్కాయి. ఇప్పుడు రెండు వారాలు కంపోస్టు నీళ్లలో నానబెట్టాకే కలుపుతున్నాను, అదీ కుండీ మట్టిలో పదో వంతు దాటకుండా.