వైజాగ్ డాబా మీద చలికాలపు కూరగాయలు: అపోహలు – వాస్తవాలు

వినాయక చవితి దాటిందంటే మా నర్సరీలో ఫోన్ మోగుతూనే ఉంటుంది. "నారు ఎప్పుడిస్తారు?", "క్యారెట్ విత్తనం చల్లేయమంటారా?", "పోయినేడు కాలీఫ్లవర్ అంతా ఆకే వచ్చింది, ఈసారి వేయాలా మానాలా?" ఆనందపురం దగ్గర కూరగాయ నారు పెంచడం నా పని. కొనేవాళ్లలో ఎక్కువమంది వైజాగ్‌లో డాబా మీద తోట వేసుకునేవాళ్లే. మట్టి మోసి, మొక్కలు పెంచే బ్యాగులు కొని, రోజూ రెండు పూటలా మెట్లెక్కి నీళ్లు పోసే మనుషులు. వాళ్ల కష్టం ఏటా అవే నాలుగైదు నమ్మకాల వల్ల వృథా అవుతుంటే చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: మన ఊళ్లో చలే ఉండదు. క్యాబేజీ, కాలీఫ్లవర్ లాంటివి అరకులోనే పండుతాయి.

"బాబూ, మన వైజాగ్‌లో కాలీఫ్లవర్ ఏటి వస్తాది?" అని ఎంవీపీ కాలనీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ అడిగారు. విత్తనం రకం సరైనదైతే వస్తుందమ్మా అన్నాను. వాస్తవం అదే.

కాలీఫ్లవర్ అంతా ఒకటి కాదు. పువ్వు కట్టడానికి ఎంత చల్లదనం కావాలన్నదాన్ని బట్టి ముందస్తు రకాలు, మధ్యరకాలు, ఆలస్యపు రకాలు ఉన్నాయి. స్నోబాల్ లాంటి ఆలస్యపు రకాలకు 10 నుంచి 16 డిగ్రీలు కావాలి. మన దగ్గర డిసెంబరు, జనవరిలో కూడా పగలు 28, 29 డిగ్రీలు ఉంటుంది, రాత్రి 18, 20 దగ్గరే ఆగిపోతుంది. అందుకని ఆ మొక్క చలి కోసం ఎదురుచూస్తూ ఆకులు వేసుకుంటూ పోతుంది. పూసా దీపాలి, పూసా కార్తీక్ శంకర్, పూసా మేఘన లాంటి ముందస్తు రకాలు మాత్రం 20 నుంచి 27 డిగ్రీల్లోనే పువ్వు కడతాయి. మనకు కావలసినవి అవే. నేను పని మొదలుపెట్టిన ఏడాది ఒక దుకాణంలో "మంచి రకం" అంటే నమ్మి, రకం పేరు చూడకుండా విత్తనం తెచ్చి నారు పోశాను. అది స్నోబాల్ అని జనవరి చివర్లో తెలిసింది. కొన్నవాళ్లందరికీ డబ్బు వెనక్కిచ్చాను. అప్పటి నుంచి ప్యాకెట్ మీద బొమ్మ చూడను, రకం పేరు, తయారైన తేదీ చదువుతాను. మీరూ అదే చేయండి. పేరు లేని విత్తనం ఎంత చవకైనా వద్దు.

రకం సరైనదైనా ఒక్కోసారి నిమ్మకాయంత పువ్వు కట్టి ఆగిపోతుంది. నారు ముదిరిపోవడం దానికి ముఖ్యమైన కారణం. 25 నుంచి 30 రోజుల నారే నాటాలి. 45 రోజుల నారు ఎత్తుగా, బలంగా కనిపిస్తుంది గానీ దానికి అప్పటికే వయసు మీరిపోయింది. ఇక పువ్వు గుప్పెడంత అయ్యాక దాని పైన ఆకులు దగ్గరికి తీసి దారంతో వదులుగా కడితే ఎండకు పసుపురంగుకి మారకుండా తెల్లగా ఉంటుంది.

క్యాబేజీకి ఇంత గొడవ లేదు. గోల్డెన్ ఏకర్ రకం నాటిన రెండు నెలలకు చేతికొస్తుంది.

అపోహ: దసరాకల్లా అన్నీ నాటేయాలి, ఆలస్యమైతే సీజన్ పోతుంది.

ఈ తొందర ఎక్కువగా వీడియోలు చూసి వస్తోంది. ఉత్తరాదివాళ్లకు అక్టోబరులో చల్లబడుతుంది. మనకు అక్టోబరులో రాత్రి కూడా 24, 25 డిగ్రీల ఉక్కపోత. పైగా అది బాగా వానలు పడే నెల, తుఫానుల నెల. 2014లో హుద్‌హుద్ మన మీద విరుచుకుపడింది అక్టోబరు 12న. 2018లో తిత్లీ శ్రీకాకుళం వైపు తీరం దాటింది అక్టోబరు 11న. రెండూ చిత్త కార్తె మొదలయ్యే రోజులే. "చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడును" అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో లేత మొక్కను ఆరుబయట పెట్టడమంటే దాన్ని గాలికీ వానకూ అప్పజెప్పడమే.

మేం చేసేది ఇది. సెప్టెంబరు చివరి వారంలో టమాటా, వంగ, క్యాబేజీ, కాలీఫ్లవర్ విత్తనాలు ప్రోట్రేలలో, అంటే చిన్న చిన్న గుంటలుండే నారు ట్రేలలో, వేస్తాం. మిరప నారుకు 40 రోజులు పడుతుంది కాబట్టి దాన్ని ఇంకో పది రోజులు ముందే పోస్తాం. ట్రే అయితే తుఫాను కబురు రాగానే ఇంట్లోకి తెచ్చుకోవచ్చు, బ్యాగును తేలేం కదా. నారు పైన వాన పడకుండా కవరు, నాలుగు పక్కలా గాలి ఆడేలా ఖాళీ ఉండాలి. ఈ ముసురులో చంపేది నారుకుళ్లు. మొదలు దగ్గర నీరుపట్టినట్టు మెత్తబడి మొక్క పక్కకు వాలిపోతుంది. విత్తనానికి ట్రైకోడెర్మా విరిడి (మేలు చేసే శిలీంధ్రం) పట్టించడం, ట్రే పైపొర ఆరాకే మళ్లీ నీళ్లివ్వడం, ఈ రెండూ చేస్తే చాలావరకు తప్పించుకోవచ్చు.

నాటడం అక్టోబరు చివర మొదలుపెట్టి నవంబరు మొదటి రెండు వారాల్లో, అంటే ఇంచుమించు నాగుల చవితి రోజుల్లో, పూర్తిచేస్తాం. టమాటా లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. దాని పూత బాగా నిలవాలంటే రాత్రి 15 నుంచి 20 డిగ్రీలు ఉండాలి. రాత్రులు 24 దాటితే పుప్పొడి సరిగా పనిచేయక పూత రాలిపోతుంది. సెప్టెంబరులో నాటిన మొక్క అక్టోబరులో పూసి అంతా రాల్చేస్తుంది. మీరేమో ఏదో తెగులనుకుని మందులు కొడతారు. నవంబరు మొదట్లో నాటిన మొక్క డిసెంబరులో పూస్తుంది, సంక్రాంతికి కాయ పండుతుంది.

అన్నీ ఒకేసారి వేయడం కూడా పొరపాటే. ముల్లంగి, పాలకూర, మెంతి, కొత్తిమీర పదిహేను రోజులకు ఒక బ్యాగు చొప్పున వేసుకుంటే ఇంటికి సరిపడా ఫిబ్రవరి దాకా వస్తాయి.

అపోహ: వేసవిలో బాగా కాసిన మూలలోనే ఇప్పుడూ పెట్టాలి.

దీని గురించి ఎవరూ అడగరు, కానీ తోట పాడయ్యేది చాలాసార్లు ఇక్కడే. మే నెలలో సూర్యుడు మనకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. చలికాలంలో దక్షిణానికి వాలిపోతాడు. డిసెంబరు 21 ప్రాంతంలో వైజాగ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా ఆకాశంలో 49 డిగ్రీల ఎత్తు (నడినెత్తి అయితే 90) దాటడు. అప్పుడు దక్షిణం వైపు 3 అడుగుల పిట్టగోడ నీడ రెండున్నర అడుగుల మేర లోపలికి పడుతుంది. అటువైపు పక్కింటి మేడ మీ డాబాకన్నా 10 అడుగులు ఎత్తుంటే, నీడ దాదాపు 9 అడుగులు. ఉదయం, సాయంత్రం ఇంకా పొడవు. అందుకే దక్షిణపు గోడ వారన పెట్టిన టమాటా సన్నగా సాగి పూత లేక నిలబడుతుంది. ఆ వారన ఆకుకూరలు పెట్టండి, వాటికి నాలుగు గంటల ఎండ చాలు. కాయ కాసేవాటిని, గడ్డ ఊరేవాటిని ఉత్తరం వైపుకి జరపండి. వాటికి ఆరు గంటలు కావాలి. అక్టోబరులో బ్యాగులు ఖాళీగా ఉన్నప్పుడే జరిపేయాలి, తడి మట్టి నింపాక కదపడం మన నడుముకి మంచిది కాదు.

అపోహ: సముద్రం దగ్గర డాబాల మీద ఏమీ బతకదు.

లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు వాళ్లు ఈ మాట అని తోట మానేస్తుంటారు. ఉప్పుగాలి నిజమే. ఆకు అంచులు కాలినట్టు గోధుమరంగుకి మారతాయి. కానీ అన్ని మొక్కలూ ఒకేలా దెబ్బతినవు. బీట్‌రూట్, పాలకూర ఉప్పును బాగా ఓర్చుకుంటాయి. బీన్స్, క్యారెట్ అసలు ఓర్చుకోలేవు. సముద్రం వైపు ఒక షేడ్ నెట్ నిలువుగా కట్టి, గాలి బాగా వీచిన మర్నాడు పొద్దున్నే మంచినీళ్లతో ఆకులు కడగండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటిని తోటకు వాడకండి, ఈ సీజన్‌లో వాననీళ్లు పట్టుకోవడానికి ఒక డ్రమ్ము పెట్టుకోండి.

ఎర్రమట్టి మాట కూడా ఇక్కడే చెప్పాలి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల మట్టి "స్పెషల్" అని ఎవరైనా తెచ్చిస్తామంటే కొనకండి. అది భూవారసత్వ స్థలం. వేల ఏళ్లు పట్టి ఏర్పడిన దిబ్బను మన కుండీ కోసం తవ్వకూడదు. మామూలు తోట మట్టి నాలుగు పాళ్లు, బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) మూడు పాళ్లు, కొబ్బరిపొట్టు మూడు పాళ్లు కలిపి గుప్పెడు వేపపిండి వేస్తే చాలు. పచ్చిపేడ మాత్రం వద్దు, వేరు మాడుతుంది, వేరుపురుగు చేరుతుంది.

అపోహ: బంతి మొక్కలు పెడితే పురుగు రాదు.

పురుగు వస్తుంది, బంతి మీదికి వస్తుంది. బంతి పురుగును తరమదు, తన దగ్గరికి పిలుస్తుంది. టమాటాలో కాయతొలుచు పురుగు తల్లి బంతి పూల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది కాబట్టి పొలాల్లో 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి ఎర పంటగా వేస్తారు. టమాటా పూసే రోజుకి బంతి కూడా పూసి ఉండాలి. అందుకని 25 రోజుల టమాటా నారుతో పాటు 45 రోజుల బంతి నారు నాటుతారు. ఆ పూలను చూసి, పురుగు ఉన్నవి తెంపి పారేస్తేనే ఉపయోగం. చూడకుండా వదిలేస్తే మనమే పురుగును పెంచినట్టు. క్యాబేజీకి ఆవాలు ఇలాంటి ఎర పంటే.

డిసెంబరు మబ్బు రోజుల్లో పేనుబంక వస్తుంది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగుభాగం తడిసేలా కొట్టండి. వాన వచ్చేలా ఉంటే కొట్టకండి, కడిగేసుకుపోతుంది.

టమాటా అడుగున నల్లగా కుళ్లితే కోడిగుడ్డు పెంకులు వేయమంటారు. పెంకు కరగడానికి నెలలు పడుతుంది. కాయకు కాల్షియం అందక ఆ కుళ్లు వస్తుంది, కానీ అలా అందకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఒకరోజు ఎండగట్టి, మరోరోజు ముంచేయడం. రోజూ ఒకే కొలతలో నీళ్లిస్తే తర్వాతి కాయలు బాగుంటాయి. వాన పడిన రోజు కూడా వేలు మట్టిలో దించి చూడండి, గుబురుగా పెరిగిన మొక్క కింద బ్యాగు పొడిగానే ఉంటుంది.

క్యారెట్ నారు అడగకండి, ఇవ్వను. నారు తీసి నాటితే వేరు చీలిపోతుంది. పూసా కేసర్, పూసా మేఘాలి లాంటి వేడిని ఓర్చే రకాల విత్తనం నవంబరులో నేరుగా అడుగు లోతున్న బ్యాగులో వేసి, మొలక వచ్చేదాకా తడి గోనెసంచి కప్పండి. పది రోజులైనా పడుతుంది, తవ్వి చూడకండి.

అపోహ: కాయని చిక్కుడు గొడ్డు చిక్కుడు, పీకేయాలి.

దీని మీద నాకు చాలా పట్టుదల. ఆషాఢంలో పెట్టిన చిక్కుడు పాదు సెప్టెంబరుకి పందిరంతా అల్లుకుని ఒక్క పూత కూడా చూపించదు. చాలామంది విసిగి పీకేస్తారు. మన నాటు చిక్కుడు పగటి పొద్దును బట్టి పూస్తుంది. జూన్‌లో మన పగలు 13 గంటలు, డిసెంబరులో 11. పొద్దు కురచబడితేనే దానికి పూసే కబురు అందుతుంది. అప్పటిదాకా ఎంత ఎరువు వేసినా ఆకే పెరుగుతుంది. అదే కారణంతో అక్టోబరులో వేసిన గోంగూర జానెడు ఎత్తులోనే పూసేస్తుంది, అందుకే ఆ నెలలో వేయొద్దంటాను. పొద్దుతో పని లేని పొట్టి చిక్కుడు, అర్కా జయ్ లాంటిది, కావాలంటే వేసుకోవచ్చు. ఇంట్లో పాదు ఉంటే మాత్రం నత్రజని ఎరువు ఆపి, చివర్లు తుంచి, కార్తీకం దాకా ఓపిక పట్టండి.

సీతమ్మధారలో ఒక ఇంటివాళ్లు పోయినేడు సెప్టెంబరులో పాదు పీకబోతూ ఫోన్ చేశారు. ఆపించాను. నవంబరులో ఊదా పూత మొదలైంది. రథసప్తమి నాడు వాళ్లు సూర్యుడికి చిక్కుడుకాయల రథం ఆ పాదు కాయలతోనే కట్టి, పరమాన్నం ఆ ఆకుల్లోనే పెట్టి, మిగిలిన కాయలు ఒక సంచిలో మా నర్సరీకి పంపించారు.