ఆండీస్ రైతుల ఫోటోలు: చేతిలో చిల్లర పెడితే అనుమతి వచ్చేసినట్టేనా? (అపోహలు - వాస్తవాలు)

మొన్న మళ్ళీ అదే ప్రశ్న. డల్లాస్‌లో ఉండే ఒక తెలుగబ్బాయి పెరూ దేశంలోని మచు పిచ్చు టూర్ బుక్ చేసుకున్నాడు. దారిలో ఆండీస్ కొండల మీది ఊళ్ళకి వెళ్ళి రైతులను ఫోటోలు తీయాలని ఉందట. "అన్నా, ఒక్కో ఫోటోకి రెండు సోల్స్ ఇస్తే చాలా, ఐదివ్వాలా?" అని మెసేజ్ పెట్టాడు. సోల్ అంటే అక్కడి డబ్బు.

కుస్కో నగరం చుట్టుపక్కల, కెచువా భాష మాట్లాడే స్థానిక రైతుల ఊళ్ళకు నేను కెమెరాతో వెళ్ళడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. అడిగేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఎవరినైనా నొప్పిస్తామేమో, తరిమేస్తారేమో అన్న టెన్షన్‌తోనే చాలామంది అడుగుతారు. కానీ అడగాల్సింది రేటు కాదు. ఆ సంగతే ఈసారి వివరంగా రాస్తున్నాను.

అపోహ: డబ్బులిచ్చాం, ఆవిడ నవ్వింది, ఇక ఆ ఫోటో మనది.

ఇది ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. కుస్కో ఊరి నడిబొడ్డున, ప్లాసా దె ఆర్మాస్ అనే కూడలి చుట్టూ, రంగురంగుల పావడాలు కట్టుకుని, చంకలో గొర్రెపిల్లనో, ఉన్నినిచ్చే ఆల్పాకా పిల్లనో పెట్టుకుని ఆడవాళ్ళు తిరుగుతుంటారు. వాళ్ళను అక్కడ 'సాకామెఫోతోస్' అంటారు, అంటే 'నా ఫోటో తియ్యి' అని. ఫోటోకి నిలబడడం వాళ్ళ పని, మనమిచ్చేది దానికి కూలి. అక్కడ బేరమాడకుండా ఇవ్వండి.

నాలుగు వేల మీటర్ల ఎత్తున, చేలో వంగి బంగాళాదుంపలు తవ్వుతున్న ఆవిడ చేసే పని అది కాదు. మీరు చేతిలో రెండు సోల్స్ పెడితే తీసుకోవచ్చు. ఊరికి వచ్చిన మనిషిని చిన్నబుచ్చకూడదని నవ్వనూ వచ్చు. అంతమాత్రాన తన మొహం ఒక పత్రికలోనో, ట్రావెల్ కంపెనీ పోస్టర్ మీదో, ఫోటోలు అమ్మే సైట్‌లోనో కనబడడానికి ఆవిడ ఒప్పుకున్నట్టు కాదు.

చట్టం కూడా ఇదే చెబుతుంది. పెరూ సివిల్ కోడ్ 15వ అధికరణం ప్రకారం ఒక మనిషి రూపాన్ని గానీ గొంతును గానీ ఆ మనిషి స్పష్టమైన అనుమతి లేకుండా వాడుకోకూడదు. బహిరంగ వేడుకల్లాంటి వాటికి మినహాయింపులున్నాయి, నిజమే. ఒకరి వంటింట్లో పొయ్యి దగ్గర తీసిన ఫోటోకి ఆ మినహాయింపు పనికొస్తుందని మాత్రం అనుకోకండి. పైగా ఈ ఊళ్ళు చాలావరకు 'కోమునిదాద్ కంపెసీనా'లు, అంటే చట్టం గుర్తించిన రైతు సముదాయాలు. 1987లో వచ్చిన 24656 నంబరు చట్టం ప్రకారం వాటిలో అందరికన్నా పైమాట ఊరి సర్వసభ్య సభది. ఊరంతా కలిసి చేసే దున్నకం, ఆగస్టులో భూదేవి పాచమామకు పెట్టే నైవేద్యం, ఉమ్మడి భూమిలో పంట, ఇవేవీ ఒక్క మనిషి తల ఊపితే తీయదగ్గవి కావు.

ఇంకో సంగతి చెబితే మీకే అర్థమవుతుంది. లిమాలో 1971 నుంచి అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం ఉంది. ప్రపంచంలో దుంప విత్తనాల మీద పనిచేసే పెద్ద సంస్థల్లో అదొకటి. కుస్కోకు దగ్గర్లో, పిసాక్ ఊరి పైన కొండల్లో 'పార్కె దె లా పాపా' ఉంది, అంటే కొన్ని రైతుల ఊళ్ళు కలిసి దుంప రకాలను కాపాడుకునే 'బంగాళాదుంపల పార్కు'. ఆ రైతుల విత్తనాలను వాళ్ళకు తిరిగి ఇచ్చే పనికి ఆ సంస్థ 2004లో ఆ ఊళ్ళతో కూర్చుని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుంది. అంత పెద్ద సంస్థే కూర్చుని మాట్లాడినప్పుడు, మనం రెండు నాణేలతో పని కానిచ్చేస్తామంటే ఎలా?

ఇది నాకు పుస్తకాల్లో చదివితే తెలియలేదు. మొదటి ఏడాది జూన్ నెలలో ఒక ఇంటివాళ్ళు చూన్యో చేస్తుంటే ఫోటోలు తీశాను. చూన్యో అంటే మంచులో గడ్డకట్టించి ఎండబెట్టిన దుంప. రాత్రంతా గడ్డి మీద పరిచి ఉంచుతారు. పొద్దెక్కి మంచు కరిగాక చెప్పుల్లేకుండా కాళ్ళతో తొక్కుతారు. తొక్కుతుంటే తడిగుడ్డ పిండినట్టు చప్పుడు, నల్లటి నీళ్ళు, పులిసిన వాసన. ఆ పెద్దావిడ పగిలిన మడమలు, వేళ్ళ సందుల్లో ఇరుక్కున్న దుంప తొక్కలు, దగ్గర నుంచి తీశాను. మంచి ఫోటో. ఆవిడ "సరే" అంది, నేను పది సోల్స్ ఇచ్చాను. ఒక పత్రిక కొనుక్కుంది. ఫోటో కింద వాళ్ళు వేసుకున్న మాట 'ఆకలి'.

ఆవిడ కొడుకు కుస్కోలో పనిచేస్తాడు. అతను అది ఫోన్‌లో చూశాడు. మరుసటి ఏడు నేను వెళ్ళేసరికి ఆవిడ నన్ను తిట్టలేదు. ఉడికించిన దుంపలు ముందు పెట్టింది. "పాపాయ్," అంది. మనవైపు 'నాయనా' అన్నట్టు అక్కడి పిలుపు అది. "లోపలికి వచ్చి చూడు, నా గదిలో మూడేళ్ళకు సరిపడా చూన్యో ఉంది. నాకు తిండి లేదని ఎందుకు చెప్పావు?"

ఆ మాట రాసింది నేను కాదు. కానీ ఆ ఫోటో ఎక్కడికి పోతుందో, కింద ఏం రాస్తారో ఆవిడకు చెప్పకుండా అమ్మింది నేనే. ఆ ఊళ్ళో రెండేళ్ళు కెమెరా బయటికి తీయలేదు.

తర్వాత ఊరి సభలో అనుమతి అడిగాను. బడి ముందు గడ్డిలో అందరూ కూర్చున్నారు. నేను తీసుకెళ్ళిన కోకా ఆకులు, రొట్టెలు చేతులు మారాయి. ప్రశ్నలు సూటిగా వచ్చాయి. ఫోటోలు ఎవరు చూస్తారు? ఎవరు అమ్ముతారు? కింద ఏం రాస్తారు? మాకు తిరిగి ఏమొస్తుంది? వెనక కూర్చున్న ఒక ముసలాయన, ఇంతకు ముందు వచ్చినవాడు ప్రింట్లు పంపిస్తానని చెప్పి పోయాడని గుర్తుచేశాడు. గంటన్నర తర్వాత చేతులెత్తారు. ఒప్పుకున్నవన్నీ 'లిబ్రో దె ఆక్తాస్' అనే మినిట్స్ పుస్తకంలో రాశారు. సంతకం వచ్చినవాళ్ళు సంతకం, రానివాళ్ళు వేలిముద్ర. చివర నా సంతకం. కాపీ నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది.

సభ ఒప్పుకున్నాక కూడా ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. వద్దన్నవాళ్ళని వదిలేయాలి. పిల్లలైతే తల్లిదండ్రులను అడగకుండా వద్దే వద్దు.

ఇక మిగతా అపోహలు.

*కెమెరా ఆత్మను లాగేస్తుందని వాళ్ళు భయపడతారు.* దయచేసి ఈ పుకారు ఆపండి. ఊళ్ళో కుర్రవాళ్ళందరి చేతిలో ఫోన్లున్నాయి, పెళ్ళి వీడియోలు తీసుకుంటున్నారు. మనుషుల కొవ్వు తీసుకుపోయే పిష్తాకో అనే పరాయివాడి కథలు ఆండీస్‌లో ఉన్న మాట నిజమే. బయటివాళ్ళు వచ్చి ఏదో ఒకటి పట్టుకుపోతారన్నది వాళ్ళ అనుభవం కూడా. ఆ జంకు కెమెరాను చూసి కాదు, మనల్ని చూసి.

*సంప్రదాయం అంటే ప్లాస్టిక్ కనబడకూడదు.* నీలం పట్టా తీసేయమనీ, ట్రాక్‌సూట్ విప్పి పొంచో అనే పైదుప్పటి వేసుకోమనీ చెప్పే ఫోటోగ్రాఫర్లను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళ కాళ్ళకుండే ఒహోతాలు, అందరూ ముచ్చటపడి తీసే ఆ చెప్పులు, పాత లారీ టైర్లు కోసి చేసినవి. గొర్రెలు, బార్లీ స్పెయిన్ వాళ్ళతో వచ్చాయి. అనంతపురంలో వేరుశనగ చేనును చూసి ఇది మన సంప్రదాయం కాదని ఎవరైనా అంటారా? ఆ పంట దక్షిణ అమెరికా నుంచి వచ్చిందే. చాకితాక్లాతో, అంటే కాలితో తొక్కే నాగలితో దున్నుతున్న మనిషి జేబులో ఫోన్ మోగితే, ఆ ఫోన్‌తో సహా తీయండి.

*ఆండీస్ రైతులను బయటివాళ్ళే ఫోటోలు తీశారు.* 1891లో పునో ప్రాంతంలోని కోఆసాలో, కెచువా మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టిన ఫోటోగ్రాఫర్ మార్తీన్ చాంబి కుస్కోలో స్టూడియో నడిపాడు. 1986 నుంచి 1998 దాకా నడిచిన తాఫోస్ అనే సామాజిక ఫోటోగ్రఫీ వర్క్‌షాపుల్లో, కుస్కో ప్రాంతంలోని ఓకోంగాతె లాంటి చోట్ల రైతులే కెమెరా పట్టి తమ బతుకును తీసుకున్నారు. వెళ్ళేముందు వాళ్ళ ఫోటోలు చూడండి.

*ఖరీదైన లెన్స్ కావాలి.* అక్కర్లేదు. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, రెండు ఎక్కువ తీసుకెళ్ళి లోపలి జేబులో పెట్టుకోండి. కోతలు చూడాలంటే ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా వెళ్ళండి.

లెన్స్ కన్నా ఒక చిన్న ప్రింటర్ కొనుక్కోండి. వాళ్ళకు కావాల్సిన ఫోటోలు మనకు నచ్చేవి కావు. మంచి బట్టలు కట్టుకుని, తల నుంచి పాదం దాకా పడేట్టు, నిటారుగా, నవ్వకుండా నిలబడతారు. ముందు అవి తీయండి, ఆ రోజే చేతికివ్వండి. చూన్యో పెద్దావిడ పోయినసారి తనే నన్ను పిలిచింది. అక్కడ 'కచున్ వకాచి' అని ఒక దుంప ఉంది, 'కోడలిని ఏడిపించేది' అని అర్థం. ఒళ్ళంతా బుడిపెలు, గుంటలు. కొత్త కోడలికి దాన్ని ఇచ్చి తొక్క తీయమంటారు, పనితనం చూడడానికి. ఆవిడ కోడలు దాన్ని సన్నగా, ఎక్కడా తెగకుండా ఒలిచింది. ఆ తొక్కని అరచేతిలో పెట్టించి, కోడలి పక్కన నిలబడి, "ఇది తియ్యి" అంది. ఆ ప్రింట్ ఇప్పుడు వాళ్ళింట్లో క్యాలెండర్ పక్కన ఉంది.

డల్లాస్ అబ్బాయికి ఉన్నది మూడు రోజులే. మూడు రోజుల్లో సభ జరగదు. కాబట్టి కుస్కో వీధుల్లో అడిగినంత ఇచ్చి తీసుకోమన్నాను. కొండల మీదికి వెళ్తే చేలను, ఆకాశాన్ని తీసుకోమన్నాను. ఎవరైనా తమంతట తామే ఫోటో అడిగితే తీసి, ప్రింట్ పంపడానికి చిరునామా రాసుకోమన్నాను. స్పానిష్ రాదని భయపడ్డాడు. వాళ్ళలో పెద్దవాళ్ళకు కూడా అంతగా రాదు, కెచువాలో 'అయియాంచు' అని పలకరించి, చెయ్యి కలిపి, కాసేపు కూర్చోమని చెప్పాను.